అంజిలయ్య నాయిన

“ఇంట్ల ఈల ఊదకురా! పాములొస్తయి!” నాగవ్వ పొద్దున లేచింది మొదలు అరుస్తూనే ఉంది.

అంజిలయ్య ఈల నోట్లోంచి తీశాడు. తీసి జేబులో పెట్టుకున్నాడా అంటే లేదు, మెడలోనే వేలాడేసుకున్నాడు. మొన్న సాయంత్రం నుంచీ అది ఆ మెడలోనే ఉంది. పడుకున్నప్పుడు కూడా తియ్యలేదు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడుతూనే దానికి కొత్త కోచ్ అయినవాడు ఈల తీసి గూట్లో పెడితే, కోచ్ అని నలుగురికీ ఎలా తెలుస్తుంది చెప్పండి?

“పాములు గాదు నాయ్నమ్మా, పదిమంది పోరగాండ్లొస్తరు. ఈల ఊదంగనే లైను కట్టి నిలవడ్తరు. నన్ను సారూ అంటున్నరు తెల్సా? మత్తయ్యగాడు గూడ అన్నడు.”

“ఎవలు, రాహేలమ్మ కొడుకా? మన ఇంట్ల సద్దిబువ్వ తిని పెరిగిన పోరడా?”

“వాడే!”

“అయితే ఇంకేంది, నేను గూడ అంట. సారూ, జర ఆ చెంబందుకో సారూ.”

పొయ్యి ముందు జొన్నరొట్టె చరుస్తున్న ఎంకమ్మకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. నవ్వితే దర్వాజ దగ్గర కూర్చున్న మొగుడు ఎటు పోయి ఎటు వస్తాడో తెలియదు. ఆయన గోడకు ముఖం పెట్టి కూర్చుని, మోకాలికి గుడ్డపీలిక చుట్టుకుంటున్నాడు. చుట్టడం అయిపోయి చాలాసేపైంది. అయినా విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

కిష్టప్పకు కోపం వస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. అరిచి, పావుగంటలో మర్చిపోయి, చాయ్ పెట్టమంటాడు. ఆ కోపం ఎంకమ్మకు అలవాటే. ఈ నోరు మూసుకున్న కోపం మాత్రం కొత్తది. మొన్న సాయంత్రం కాలేజీ కాగితం ఇంటికి వచ్చింది. కొడుకు దాన్ని గట్టిగా చదివాడు. అప్పుడు మూసిన నోరు కిష్టప్ప ఇంకా తెరవలేదు. నీళ్ళు కావాలంటే దగ్గుతున్నాడు. ఉప్పు కావాలంటే కంచం జరుపుతున్నాడు.

అంజిలయ్య చెప్పులేసుకుంటూ తండ్రి పక్కకొచ్చి నిలబడ్డాడు. పిల్లవాడు మంచివాడే, పాపం. సంతోషం తలకెక్కింది, అంతే.

“నాయినా, ఇయ్యాల తాండూర్ల మా మ్యాచున్నది. బండల టీముతోటి. మూడు గంటలకు. నువ్వు ఆడనే ఉంటవు గద, పని కాంగనే వచ్చి సూడరాదు? నేనెట్ల నడిపిస్తున్ననో సూద్దువు.”

కిష్టప్ప లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. సద్ది మూట వంక చూడనైనా లేదు. దర్వాజ దాటి, వాకిట్లో ఆగి, కొడుకుతో కాదు, పెళ్ళాంతో కాదు, తల్లితో అన్నాడు.

“అవ్వా, కోచు సారుకు రొట్టెలు మెత్తగ చెయ్యుమను. గట్టిగుంటె ఈల ఊదే పండ్లు నొస్తయి.”

రెండు రోజుల తర్వాత విన్న మొదటి మాట అది. అని, తాండూరు ప్యాసింజరుకు పోయాడు.

“సూసినవా అమ్మా?” అంజిలయ్య ముఖం ఎర్రబడింది. “కొడుకు పైకొస్తే ఏ తండ్రన్న సంతోషపడ్తడు. ఈయినేమో నేనేదో దొంగతనం చేసినట్టు సూస్తుండు. నేనడిగిన్నా ఆ కోచు పని? వాళ్ళే పిలిచి ఇచ్చిరి!”

“అంజీ, ఒక మాట చెప్త ఇను. ఆ కాగితం...”

“ఏది, ఇదా?” వాడు అంగీ లోపలి నుంచి కాగితం తీశాడు. చెమటకు మెత్తబడి ఉంది. “సూడు, ‘శ్రీ అంజిలయ్య గారికి’ అని రాసిండ్రు. గారు అమ్మా! మన ఇంటికి ఎన్నడన్న గారు అని కాగితమొచ్చిందా?”

ఎంకమ్మ పొయ్యి వైపు తిరిగి రొట్టె తిప్పింది. ఆ ముఖంలో వెలుగు చూశాక, ‘ఒరే కొడుకా, అది నీది కాదురా’ అని ఏ తల్లి అనగలదు? వాడు రెండు రొట్టెలు గబగబా మింగి, ఈల ఊపుకుంటూ జట్టుతో పది గంటల బండికి పోయాడు.

వాడలా పోయాడో లేదో, నాగవ్వ మంచం మీద నుంచే కోడలిని పట్టుకుంది.

“ఏం మింగినవే నువ్వు? మొన్నటి సంది సూస్తున్న. రొట్టె మాడ్తున్నది, కూరల ఉప్పు రెండుపార్లు పడ్తున్నది. చెప్పు.”

ఎంకమ్మ పొయ్యి ముందు నుంచి లేచొచ్చి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు.

“తప్పు నాదే అత్తమ్మా. ఆ కాగితం మీ కొడుకుకు రావాల్సింది.”

సంగతి ఇదీ. కాలేజీ జట్టుకు కోచ్ కోసం వెతుకులాట దసరా నుంచీ నడుస్తోంది. ఉన్న డ్రిల్లు మాస్టరు ఎక్కడో రైల్వే టీములో మంచి ఉద్యోగం దొరికిందని పోయాడు. తర్వాత వచ్చిన మిలట్రీ పింఛనీదారు పిల్లలకు బంతి చూపించకుండా నాలుగు రోజులు కవాతు చేయించాడు. ఐదో రోజు జట్టు అనంతగిరి గుట్టల్లోకి పారిపోయి దాక్కుంది. మూడో ఆయన ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్పేవాడు. వానకు పుస్తకం తడిసి, పేజీలు అంటుకుపోయి, ఆయన పాఠం కార్నర్ కిక్కు దగ్గర ఆగిపోయింది. కాలేజీ హాస్టల్లో వంట చేసే రాహేలమ్మ ఈ కథలన్నీ ఎంకమ్మకు చెప్పి, “వాండ్లనూ వీండ్లనూ ఎందుకు తెస్తున్నరే, మీ ఇంటాయన లేడా? తాండూర్ల ఆయిన ఎడమ కాలు చూడనీకి జనం బండ్లు కట్టుకోని పోతుండిరి గద!” అంది.

ఆ మాట ఎంకమ్మ గుండెలో దిగబడిపోయింది. నిజమే. నైజాం పోయిన కొత్తలో, కిష్టప్ప తాండూరు బండల గని టీములో ఆడేవాడు. ఆట ఉన్న రోజు ఇంటికొచ్చాక కూడా ఆ మనిషి కాలు ఒక చోట ఉండేది కాదు. ఆరేళ్ళ కింద గనిలో నాపరాయి జారి మోకాలి మీద పడింది. కాలు బాగైంది గానీ మనిషి బాగవ్వలేదు. తాండూరు గ్రౌండు స్టేషను పక్కనే ఉంటుంది. అది కనపడకూడదని ఆయన రోజూ బండి అవతలి వైపు నుంచి దిగి, పట్టాలు దాటి, చుట్టు తిరిగి గనికి పోతాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, తోటి పనివాళ్ళు చెప్పారు. అది విన్నప్పటి నుంచి ఎంకమ్మకు ఒకటే పట్టుదల. మళ్ళీ ఒక్కసారి ఆ మనిషిని గ్రౌండులో నిలబెట్టాలి. ఆమెకు కావాల్సింది అంతే.

అందుకే మంచి చీర కట్టుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, కాలేజీ ఆఫీసుకు పోయి గుమాస్తాతో మాట్లాడి వచ్చింది.

“మరి మంచి పనే గదనే. తప్పేడ జరిగింది?” అంది నాగవ్వ.

“ఆ గుమాస్త పేరడిగిండు. మా అంజిలయ్య నాయిన అని చెప్పిన.”

నాగవ్వ ఒక్క క్షణం చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, కోడలు వీపు నిమరాల్సి వచ్చింది.

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పేరు చెప్పకపోతివా? కిష్టప్ప అనుడు ఎంత పని?”

“ఎట్ల చెప్త? ఇరవై రెండేండ్ల సంది ఒక్కపారన్న తీసిన్నా ఆ పేరు?”

తియ్యలేదు. అది నిజం. భజనలో ఆ దేవుడి పేరు వచ్చినప్పుడు అందరూ గొంతెత్తితే ఎంకమ్మ తాళం మాత్రం వేస్తుంది. రాయచూరు దగ్గరి ఏటిని పెద్ద ఏరు అంటుంది. పక్కింట్లో పిల్లవాడికి అదే పేరు పెడితే, వాణ్ణి పుట్టినప్పటి నుంచీ ‘ఓ పిలగా’ అనే పిలుస్తోంది. వాడికిప్పుడు మీసాలొచ్చాయి.

“పెండ్లినాడు నువ్వే చెప్పినవు గద అత్తమ్మా, మొగని పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతదని?”

“అప్పుడు కొత్తగ అత్తనైతి. ఏదో ఒకటి చెప్పాలె గదనే!”

ఎంకమ్మ తెల్లబోయింది. అయినా ఇరవై రెండేళ్ళు నమ్మిన మాట ఒక్క నవ్వుతో పోతుందా?

“నేనే పోయి చెప్తునే గాని కాళ్ళు రావాయె,” అంది నాగవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ. “రాహేలమ్మన్న తోడు తీస్కపో.”

“అక్క పూడూరు పోయింది, చెల్లె కాన్పుకు.”

“అయితే నువ్వే పో. ఇయ్యాలనే పో. ఇద్దరు మగోళ్ళు ఒగల మొఖం ఒగలు సూడకుంట తింటుంటే నా కంచంల బువ్వ దిగుతలేదు.”

ఎంకమ్మ కిష్టప్ప వదిలేసిన సద్ది మూట చంకన పెట్టుకుంది. కాలేజీ దారిపట్టింది.

గుమాస్తా శేషగిరిరావు గుంటూరు మనిషి. వికారాబాదు వచ్చి ఏడాదైంది. జొన్నరొట్టె ఇంకా అలవాటు కాలేదు గానీ, మర్యాదస్తుడు. ఎంకమ్మ చెప్పింది విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

“అదేంటమ్మా? మీరే కదా ‘మా అంజిలయ్య నాయనకి ఇప్పించండి’ అన్నారు. ఎంత ముద్దుగా చెప్పుకుంటున్నారో కొడుకుని అనుకున్నాను. మా అమ్మ నన్ను ఇప్పటికీ మా శేషు నాయన అనే అంటుంది.”

“కొడుకును నాయిన అంటరా సారూ ఎవరన్న? నాయిన అంటే నాయిన! కన్న తండ్రి!”

“మా వైపు పిల్లల్నే అంటామమ్మా, రా నాయనా, తిను నాయనా అని. పైగా మీరు ‘బంతి కనపడితే అన్నం మర్చిపోతాడు’ అన్నారు. అన్నం మర్చిపోయేది కొడుకులు కదా! తండ్రులు మర్చిపోతారని నాకేం తెలుసు?”

ఎంకమ్మ నెత్తి కొట్టుకుంది. ఆయన కూడా కొట్టుకున్నాడు.

“ఇప్పుడెట్ల సారూ?”

“నా చేతిలో లేదమ్మా. ప్రిన్సిపాల్ గారు జట్టుతో తాండూరు వెళ్ళారు. కుర్రాణ్ణి పెట్టింది పరీక్షకే. ఇవాళ ఆట బాగుంటే సరి, లేకపోతే హైదరాబాదు నుంచి ఒకాయన సోమవారం వస్తానంటున్నాడు. ఆయనకి ఖాయం చేసేస్తారు. మీరు ఈలోపే వెళ్ళి చెప్పుకోవాలి. నేను చీటీ రాసిస్తాను, చూపించండి. మీ ఆయన పేరు చెప్పండి.”

ఎంకమ్మ గోడకున్న క్యాలెండరు వంక చూసింది. దాని మీద లక్ష్మీదేవి ఉంది. లాభం లేదు.

“ఉట్ల పండుగ ఎవలది సారూ?”

“ఉట్ల... ఓ, ఉట్టి కొట్టే పండగా? గోపాలుడిది.”

“దగ్గర్కొచ్చినవ్. జర ఇటు జరుగు.”

శేషగిరిరావు కుర్చీ ఇటు జరిపాడు.

“నువ్వు గాదు సారూ, పేరు! పేరు జర జరుపు! వెన్న తింటడు, పిల్లనగోయి ఊదుతడు...”

“అర్థమైంది లెండమ్మా, అర్థమైంది,” అంటూ ఆయన కలం తీసి చకచకా రాశాడు. రాసి నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. “బండికి టైమవుతోంది, బయల్దేరండి.”

“మంచిగ రాసినవు గద సారూ?”

“మీరు చెప్పిందే రాశాను.”

మడత విప్పి చూసినా ఆమెకు తెలిసేది లేదు, చదువు రాదు. చీటీని కొంగున ముడేసుకుని స్టేషనుకు ఉరికింది.

ధారూరు దాటాక గానీ ఆమెకు అసలు భయం పట్టుకోలేదు. చీటీ పని చేస్తే కొడుకు మెడలోని ఈల పోతుంది. పని చెయ్యకపోతే మొగుడు ఆ పట్టాలు దాటి చుట్టు తిరిగి పోతూనే ఉంటాడు. ఒకరి ముఖం వెలిగితే ఇంకొకరి ముఖం ఆరిపోతుంది. ఇద్దరూ తన వాళ్ళే, ఇద్దరికీ అన్నం పెట్టేది తనే. పక్కన కూర్చున్న, సేడం పోయే ముసలమ్మ కన్నడంలో ఏదో అడిగి, జవాబు రాకపోతే తన పల్లీలు ఇన్ని ఎంకమ్మ చేతిలో పోసింది. ఎంకమ్మ రుచి తెలియకుండానే అవన్నీ తినేసింది.

తాండూరులో దిగేసరికి ఆట మొదలై చాలాసేపైంది. గ్రౌండు చుట్టూ జనం. గూడ్సు షెడ్డు వైపు, వ్యాగన్లలోకి ఎక్కించడానికి తెచ్చిన నాపరాళ్ళు దొంతరలు దొంతరలుగా నిలబెట్టి ఉన్నాయి. ఒక దొంతర వెనక ఒక మనిషి నక్కి ఉన్నాడు. ఆ వీపు ఎంకమ్మకు తెలియదా?

గని నుంచి బండలు తెచ్చే బండి వెంబడి వచ్చినట్టున్నాడు. ఎద్దులు నీడన నిలబడి ఉన్నాయి. కిష్టప్ప మాత్రం రాళ్ళ సందులోంచి కన్నార్పకుండా చూస్తూ, తనలో తాను మాట్లాడుకుంటున్నాడు.

“అరె అంజీ, వెనకుండాల్సినోడివి ముందల్కురుకుతవేందిరా? వెనక ఎవడు, మీ తాతుంటడా? మత్తీ, ఎడమకియ్యి, ఎడమకు! అరెరెరె... పోయింది!”

అంటూ ఎడమకాలు ఒక్క విసురు విసిరాడు. బంతి లేదు, ఏమీ లేదు. ఉత్త గాలిని తన్నాడు. ఆ గుడ్డ చుట్టిన మోకాలితోనే.

ఎంకమ్మ సద్ది మూట గుండెకు అదుముకుని నిలబడిపోయింది. ఆరేళ్ళ తర్వాత చూస్తోంది ఆ కాలు లేవడం. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయనను పిలవలేదు. పిలిస్తే సిగ్గుపడి పోతాడని తెలుసు. చుట్టు తిరిగి ప్రిన్సిపాల్ దగ్గరకు నడిచింది.

సగం ఆట ఈల పడింది. బండల టీము రెండు గోల్స్ ముందుంది. కాలేజీ పిల్లలు నాలుకలు బయటపెట్టి కూలబడ్డారు. అంజిలయ్య వాళ్ళ మధ్య నిలబడి అందరి మీదా అరుస్తున్నాడు. అరుపులో బెదురు ఉంది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయని తల్లికి ఇంత దూరం నుంచే తెలిసింది.

ప్రిన్సిపాల్ సారు గొడుగు కింద చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆయన చరిత్ర చెప్పే మనిషి. ఏ రాజు ఎప్పుడు ఓడాడో అన్నీ తెలుసు గానీ, తన జట్టు ఎందుకు ఓడిపోతోందో తెలియడం లేదు.

“సారూ, పొరపాటైంది. కోచు నా కొడుకు గాదు, వాండ్ల నాయిన. ఈ చీటీ సూడుండ్రి.”

ఆయన మడతలు విప్పాడు. “గోపాలయ్య. ఎవరమ్మా ఈ గోపాలయ్య?”

“అయ్యో! గోపాలయ్య గాదు సారూ!”

ఆమె మాట పూర్తికాలేదు. ప్రిన్సిపాల్ సారు మూడొందల మంది విద్యార్థులకు పాఠం చెప్పే గొంతు ఎత్తి, “ఇక్కడ గోపాలయ్య ఎవరయ్యా?” అన్నాడు.

గూడ్సు షెడ్డులోంచి తుమ్మమొద్దులాంటి హమాలీ ఒకడు చేతులు దులుపుకుంటూ వచ్చాడు. “నేనే సారూ. ఏం ఎత్తాలె?”

“ఎత్తడం కాదు. ఫుట్‌బాల్ నేర్పుతావటగా?”

గోపాలయ్య బంతి వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. “మీరు చెప్తే నేర్పుత సారూ,” అన్నాడు వినయంగా.

జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వులకు రాళ్ళ దొంతర వెనక మనిషి తొంగి చూశాడు. గ్రౌండులో తన పెళ్ళాం! చంకలో తన సద్ది మూట! కిష్టప్ప టక్కున వెనక్కి తిరిగి, ఎద్దుల బండి వైపు గబగబా నడిచాడు.

“సారూ, గా పోయేటాయన! ఆయిననే!” అంది ఎంకమ్మ.

“పిలువమ్మా మరి! పేరు పెట్టి పిలువు!”

“ఓ అంజిలయ్య నాయినా!”

“ఏందమ్మా?” అంటూ అంజిలయ్య పరుగెత్తుకొచ్చాడు. “నువ్వెందుకొచ్చినవ్ ఈడికి?”

కిష్టప్ప అప్పటికే బండి తొట్టి మీద చెయ్యి వేశాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఎద్దులు కదులుతాయి. సోమవారం హైదరాబాదు ఆయన వస్తాడు. ఎంకమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

“కిష్టప్పా!”

తాండూరు చుట్టుపక్కల కిష్టప్పలకు కొదవా? పల్లీలమ్మే కిష్టప్ప తిరిగాడు. గీత దగ్గర జెండా పట్టుకున్న కిష్టప్ప తిరిగాడు. బండల టీము గోల్‌కీపరు కిష్టప్ప కూడా తిరిగాడు. తిరగనిది ఆమె కిష్టప్ప ఒక్కడే. ఆ గొంతు ఆయనకు తెలుసు, ఆ పేరూ తెలుసు. రెండూ కలిసి ఏనాడూ వినలేదు మరి.

“ఓ కిష్టప్పా! నిన్నే!”

అప్పుడాగాడు. తిరిగి, నెమ్మదిగా, కొంచెం కుంటుతూ గ్రౌండులోకి వచ్చాడు. ఆరేళ్ళుగా తప్పించుకు తిరిగిన ఆ గీత దాటాడన్న ధ్యాస కూడా లేనట్టుంది ఆయనకు.

“ఎవలే పిలిచింది?”

“నేనే.”

“నువ్వా?”

“నేనే. ఆయుష్షు సంగతి ఇంటికి పోయినంక సూసుకుందాం. ముందుగాల ఈ సారుతోటి మాట్లాడు.”

ఎంకమ్మ ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. రాహేలమ్మ మాట, మంచి చీర, గుమాస్తా, కొడుకులను నాయన అనే గుంటూరు అలవాటు, అంతా. చెప్పి తల దించుకుంది.

“నా కోసం పోయి అడుక్కున్నవా?” అన్నాడు కిష్టప్ప.

“అడుక్కోలే. ఉన్న సంగతి చెప్పిన.”

“అంటే నా కాగితం...” అన్నాడు అంజిలయ్య. చెయ్యి అంగీ లోపలి కాగితం మీదికి పోయింది. పక్కనున్న పదిమందీ వాణ్ణే చూస్తున్నారు.

“తప్పు నాది కొడుకా. నిన్ను చిన్నబుచ్చాలని గాదు.”

ప్రిన్సిపాల్ సారు గడియారం చూసుకుని గొంతు సవరించుకున్నాడు. “కిష్టప్పా, రెండు గోల్స్ వెనకున్నాం. నేర్పుతావా, లేదా? అది చెప్పు ముందు.”

కిష్టప్ప కాళ్ళ దగ్గరి గడ్డిని ఎడమ కాలితో ఒకసారి దువ్వాడు.

“నేర్పుత సారూ. ఒకటే షరతు. అంజిలయ్య వెనక బ్యాక్‌ల ఆడొద్దు.”

ఎంకమ్మ కొడుకు వంక చూసింది. దీనికా తను ఇంత దూరం వచ్చింది?

“నన్ను తీసేస్తవా?” అంజిలయ్య ముందుకొచ్చాడు. “రెండు దినాలు మాట్లాడకుంట ఉండి, ఇప్పుడు అందరి ముంగట తీసేస్తవా?”

“తీసేస్త అన్ననా? బ్యాక్‌ల వద్దన్న.”

“మరేడ ఆడాలె?”

“ఎవల్ని అడుగుతున్నవ్?”

“నిన్నే నాయినా!”

“నాయిన ఇంట్లుంటడు,” అన్నాడు కిష్టప్ప. “పొద్దుగూకినంక ఇంటికొచ్చి అడుగు, రొట్టె తినుకుంట చెప్తడు. ఈడ నేను అంజిలయ్య నాయిన్ను గాను. మీ అమ్మ పిలిచింది, ఇన్నవు గద. నేను కిష్టప్పను. నా టీముల ఆడేటోడు నన్ను సారూ అని అడగాలె.”

“సారూ, నేనేడ నిలవడాలె సారూ?” అన్నాడు మత్తయ్య ఠక్కున. వాడికి రెండు రోజుల్లో ఇది రెండో సారు.

కిష్టప్ప పెదవి చివర నవ్వు కదిలింది గానీ, ఆయన కళ్ళు కొడుకు మీది నుంచి కదల్లేదు. ఆ కళ్ళల్లో కోపం లేదు. ఎంకమ్మ వెతికి వెతికి చూసింది, లేదు. పైగా, కొడుకు అడగాలని ఆయన లోపల ఎంత తపించిపోతున్నాడో ఆమెకు కనపడింది. ఆ సంగతి అంజిలయ్యకే కనపడలేదు. వాడు దవడ బిగించి నిలబడ్డాడు. మొన్నటి నుంచీ ఊరంతా తనను అన్న మాట, ఇప్పుడు తను తండ్రిని అనాలి.

రెఫరీ ఈల ఊదాడు. బండల టీము అప్పుడే గీత దగ్గరకు వచ్చి నిలబడింది.

అంజిలయ్య తల్లి వంక చూశాడు.

“నేననలేదార?” అంది ఎంకమ్మ. “ఇరవై రెండేండ్లు మింగిన మాట ఇంతమందిల అన్న. నాకంటె కష్టమా నీకు?”

అంజిలయ్య నోరు తెరిచాడు. పదిమంది ఆటగాళ్ళూ, ప్రిన్సిపాల్ సారూ, ఎవరూ పొమ్మనలేదు గనక ఇంకా అక్కడే ఉన్న గోపాలయ్యా, అందరూ ఆ నోటి వంకే చూస్తున్నారు. కిష్టప్ప మాత్రం ఊపిరి బిగబట్టి నేల చూపులు చూస్తున్నాడు.